లైబ్రేరియన్ చెప్పిన నవల

“మొన్న తీసుకెళ్లిన నవల బాగుందండీ. అలాంటిదే ఇంకోటి ఉంటే ఇస్తారా?” లైబ్రరీ కౌంటరు దగ్గర తరచూ వినిపించే మాట ఇది. అడగడం తేలిక, జవాబు చెప్పడం కష్టం. ఫలానా సంవత్సరపు జనాభా లెక్కలు కావాలంటే బీరువా చూపిస్తే సరిపోతుంది. ‘అలాంటిదే’ అన్నప్పుడు ఆ ‘అలా’ ఏమిటో చాలాసార్లు అడిగినవారికే స్పష్టంగా తెలియదు. కథ పరుగా, అందులోని మనుషులా, ఊరా, భాషా, లేక చదివిన నాలుగు రోజులూ మనసుకు దొరికిన నెమ్మదా? ఆ ‘అలా’ను పట్టుకుని సరైన పుస్తకాన్ని చేతిలో పెట్టడం గ్రంథాలయ వృత్తిలో ఒక ప్రత్యేక విద్య. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో దాన్ని ‘రీడర్స్ అడ్వైజరీ’ అంటారు. తెలుగులో పాఠక సలహా సేవ అనుకోవచ్చు. ఇంకా అచ్చయి బయటికి రాని నవలల్ని ముందే చదివి, రాగానే చదవమని చెప్పడం ఈ విద్యలో ఇటీవల ఏపుగా పెరిగిన కొమ్మ.

ఈ కొమ్మ బాగా పెరిగిన చోటు అమెరికా. 2013 సెప్టెంబరులో అక్కడి పబ్లిక్ లైబ్రరీల్లోకి ‘లైబ్రరీరీడ్స్’ పేరుతో ఒక జాబితా వచ్చింది. అందులో ఉన్నవి పది పుస్తకాలే, అన్నీ ఆ నెలలో విడుదలయ్యేవే. అగ్రస్థానం రెయిన్‌బో రోవెల్ నవల ‘ఫ్యాన్‌గర్ల్’‌ది. కాలేజీలో కొత్తగా చేరి, మనుషులతో కలవలేక, తాను అభిమానించే కథల పాత్రలతోనే కాలం గడిపే ఒక అమ్మాయి కథ అది. దాన్ని ఎన్నుకున్నది దేశం నలుమూలలా లైబ్రరీల్లో పనిచేసే సిబ్బంది. డైరెక్టరు ఓటూ, పుస్తకాలు అలమరలో సర్దే ఉద్యోగి ఓటూ లెక్కకు వస్తాయి. చదివి, మెచ్చి ఉండాలి, అంతే. అప్పటి నుంచి నెలనెలా ఆ జాబితా వస్తూనే ఉంది. స్వతంత్ర పుస్తక దుకాణాల వాళ్లు అంతకు ముందే ‘ఇండీ నెక్స్ట్’ అనే నెలవారీ జాబితా నడిపేవారు. దుకాణదారులు చేస్తున్నది తామెందుకు చేయకూడదన్న ఆలోచనే దీనికి బీజం. 2016లో కెనడా లైబ్రేరియన్లు కూడా ‘లోన్ స్టార్స్’ పేరుతో ఇలాంటిదే మొదలుపెట్టారు.

విడుదల కాని పుస్తకాన్ని వీళ్లెలా చదువుతారు? ప్రచురణ సంస్థలు నవల విడుదలకు కొన్ని నెలల ముందే తుది ప్రూఫులు దిద్దని ప్రతుల్ని అట్టవేసి పంపుతాయి. ‘అమ్మకానికి కాదు’ అని అట్ట మీదే అచ్చువేసి ఉంటుంది. ఒకప్పుడు ఇవి కాగితపు ప్రతులు, లెక్కపెట్టి పంచేవారు. మారుమూల ఊరి చిన్న లైబ్రరీ దాకా అవి వెళ్లేవి కావు. నెట్‌గ్యాలీ, ఎడెల్వైస్ వంటి వేదికలు వచ్చాక పరిస్థితి మారింది. పేరు నమోదు చేసుకున్న లైబ్రరీ ఉద్యోగి ముందస్తు ప్రతిని తన ట్యాబ్‌లోకి దించుకుని చదవవచ్చు. మే నెల పుస్తకాలకు ఏప్రిల్ మొదటి తేదీ లోపు ఓటు వేయాలి. ఓటుతో పాటు నాలుగు వాక్యాల అభిప్రాయం రాస్తే, పుస్తకం జాబితాకెక్కినప్పుడు దాన్ని రాసినవారి పేరుతో, వాళ్ల లైబ్రరీ పేరుతో అచ్చువేస్తారు. ఈ చదువంతా ఎక్కువగా ఇంటి దగ్గర, రాత్రిపూట సాగేదే. కౌంటరులో కూర్చుని నవల చదువుకునే తీరిక లైబ్రేరియన్‌కు ఉంటుందనుకోవడం బయటివాళ్ల భ్రమ.

జాబితా మొదలయ్యాక ఒక చిక్కు తేలింది. పేరున్న రచయితల కొత్త నవలే ప్రతిసారీ ఓట్లు దండుకుంటే కొత్తవారికి చోటెక్కడిది? అందుకని పలుమార్లు జాబితాకెక్కిన రచయితలను ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అనే వేరే వరుసలోకి మార్చారు. వాళ్ల పుస్తకానికి గౌరవం దక్కుతుంది, పదింటిలో ఒక స్థానం ఖాళీ అవుతుంది. మంచి ఏర్పాటు. అయినా ఒక వెలితి మిగిలే ఉంది. ముందస్తు ప్రతులు విరివిగా పంచగలిగేది పెద్ద ప్రచురణ సంస్థలే. నలుగురు చదవని పుస్తకానికి నాలుగు ఓట్లు ఎలా పడతాయి? చిన్న ప్రచురణకర్త దగ్గర ఆణిముత్యం ఉన్నా, అది ఓటర్ల కంట పడడానికి వేరే అదృష్టం కావాలి.

ఈ జాబితాకు అంత విలువ రావడానికి కారణం లైబ్రరీ లోపలి లెక్కల్లో ఉంది. నవల విడుదల కాకముందే దాని వివరాలు లైబ్రరీ కేటలాగులోకి ఎక్కుతాయి. పాఠకులు ముందుగానే తమ పేరు వరుసలో రాయించుకోవచ్చు. వరుస పొడుగైతే లైబ్రరీ అదనపు ప్రతులు తెప్పిస్తుంది. ఇంతమందికి ఒక ప్రతి అని ఒక్కో లైబ్రరీకి ఒక్కో లెక్క ఉంటుంది. అంటే జనవరిలో ఎవరో ఒక లైబ్రేరియన్ రాసిన నాలుగు వాక్యాలు, ఏప్రిల్‌లో వందల మైళ్ల అవతల ఇంకో లైబ్రరీ ఎన్ని ప్రతులు కొనాలో తేల్చగలవు. తొలి నవల రాసిన మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడింత సహజంగా కనిపిస్తున్న ఈ పని ఒకప్పుడు లైబ్రేరియన్లకే నామోషీగా ఉండేది. 19వ శతాబ్దం చివర్లో అమెరికా, బ్రిటన్ లైబ్రరీల్లో పెద్ద తగువు నవలల గురించే. ప్రజల పన్నులతో నడిచే లైబ్రరీలో జనం శాస్త్రాలు, చరిత్రలు వదిలి కథలు పట్టుకుపోతున్నారని పెద్దలు వాపోయారు. 1890లలో కొన్ని అమెరికా లైబ్రరీలు ఒక ఉపాయం పన్నాయి. పాఠకుడు ఒకేసారి రెండు పుస్తకాలు తీసుకోవచ్చు, కానీ వాటిలో నవల ఒకటే ఉండాలి. రెండోది ‘గట్టి’ పుస్తకం. ఆ రెండోదాన్ని ఎంతమంది తెరిచారో ఊహించుకోవచ్చు.

అంతకు ముందే, 1876లో, మసాచుసెట్స్ రాష్ట్రం వూస్టర్ ఊరి లైబ్రేరియన్ శామ్యూల్ గ్రీన్ ఒక వ్యాసం చదివాడు. అమెరికా గ్రంథాలయ సంఘం పుట్టిన సంవత్సరం కూడా అదే. పాఠకుడితో లైబ్రేరియన్ మనిషిగా మాట్లాడాలి, వచ్చినవాడు సంకోచం లేకుండా అడిగేటట్టు ఉండాలి అని అందులో వాదించాడు. ఈ వృత్తికి మూలపాఠం అదే అంటారు. అయితే గ్రీన్ కాలంలోనూ సలహా వెనక ఉద్దేశం నిచ్చెన ఎక్కించడమే. చౌకబారు కథల నుంచి మంచి నవలకు, అక్కడి నుంచి చరిత్రకు పాఠకుణ్ణి మెట్టు మెట్టుగా తీసుకుపోవాలన్నది ఆనాటి నమ్మకం.

1920లలో ఆ నిచ్చెనకు ఒక కార్యాలయమే ఏర్పడింది. డెట్రాయిట్, షికాగో, క్లీవ్‌లాండ్, మిల్వాకీ వంటి నగరాల లైబ్రరీలు పాఠక సలహాదారులను నియమించాయి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో జెన్నీ ఫ్లెక్స్‌నర్ ఈ పనికి పేరు తెచ్చారు. సలహాదారు పాఠకుడితో విడిగా కూర్చుని మాట్లాడి, అతనికోసమే ఒక పఠన ప్రణాళిక రాసిచ్చేవారు. వయోజన విద్యే అసలు లక్ష్యం కాబట్టి నవలకు అక్కడ దక్కింది వెనక బెంచీయే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సేవ మెల్లగా కనుమరుగైంది.

తిరిగి వచ్చింది 1980లలో, ఈసారి నవల చేయి పట్టుకుని. 1982లో బెట్టీ రోసెన్‌బర్గ్ ‘జెన్‌రిఫ్లెక్టింగ్’ అనే మార్గదర్శిని వేశారు. డిటెక్టివ్, ప్రేమకథ, కౌబాయ్ సాహస కథ, సైన్స్ ఫిక్షన్, ఇలా జనం ప్రేమించే కథా రకాలన్నిటినీ గౌరవంగా వర్గీకరించిన పుస్తకం అది. ఎవరూ తమ పఠనాభిరుచికి సిగ్గుపడనక్కర లేదన్నది ఆమె పట్టుదల. నిచ్చెన సిద్ధాంతాన్ని పక్కన పెట్టింది ఈ పట్టుదలే. 1984లో షికాగో చుట్టుపక్కల లైబ్రేరియన్లు ఒక పఠన బృందంగా ఏర్పడి ఒక్కో కథా రకాన్నీ పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. తమకు నచ్చని రకాన్ని కూడా చదవడం ఆ బృందపు క్రమశిక్షణ.

ఆ బృందంలోని జాయిస్ సారిక్స్ ఇలినాయ్ రాష్ట్రంలోని డౌనర్స్ గ్రోవ్ లైబ్రరీలో పనిచేసేవారు. నాన్సీ బ్రౌన్‌తో కలిసి 1989లో ఆమె రాసిన పుస్తకం ఈ విద్యకు వ్యాకరణం ఇచ్చింది. నవల దేని గురించి అన్నది ముఖ్యం కాదు, అది చదివేవాడికి ఎలా అనిపిస్తుంది అన్నది ముఖ్యం అని ఆమె చెప్పారు. కథ నడిచే వేగం, పాత్రల తీరు, కథ అల్లిక, నేపథ్యం, ఆ తర్వాత చేర్చిన శైలి, ధ్వని: వీటిని ‘ఆకర్షణ అంశాలు’ అన్నారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు పాఠకులు ఒకే హత్యానేర పరిశోధన నవలను మెచ్చుకున్నారు. ఒకరు హంతకుడెవరో తెలిసేదాకా పుస్తకం కింద పెట్టలేకపోయారు. రెండోవారికి హంతకుడి సంగతి ఆట్టే పట్టలేదు, ఆ ముసలి ఇన్‌స్పెక్టరు ఒంటరితనం గుర్తుండిపోయింది. మొదటివారికి ఇంకో నేర పరిశోధన ఇవ్వాలి. రెండోవారికి హత్యే లేని నవల ఇచ్చినా సంతోషిస్తారు. కంప్యూటరు ‘ఇది కొన్నవారు అదీ కొన్నారు’ అని చెప్పగలదు గానీ, ఇద్దరి మధ్య ఈ తేడా తెలియాలంటే “అందులో మీకేం నచ్చింది?” అని ఒక మనిషి అడగాలి, ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి. ఈ విద్య ప్రాణమంతా ఆ వినడంలోనే ఉంది.

వినడం అవసరమని పరిశోధనలూ చెప్పాయి. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో క్యాథరిన్ షెల్డ్రిక్ రాస్ చాలా ఏళ్లపాటు బాగా చదివే పాఠకులతో మాట్లాడి రాసుకున్నారు. వాళ్లు పుస్తకం ఎంచుకునేటప్పుడు మొదట చూసుకునేది ఆ పూట తమ మనఃస్థితిని. ఆస్పత్రిలో అమ్మ దగ్గర కూర్చున్న మనిషికి నిరుటి ఉత్తమ నవలే కావాలని లేదు. తెలిసిన రచయిత రాసిన, ముగింపు భయపెట్టని పుస్తకం కావాలి.

సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ ఇదే సంగతిని ఇంకా సులువుగా చెప్పారు. నవలలోకి నాలుగు ద్వారాలున్నాయన్నారు: కథ, పాత్ర, నేపథ్యం, భాష. ప్రతి పాఠకుడికీ వీటిలో ఒకటి పెద్ద ద్వారం. దాన్ని కనిపెడితే సగం పని అయినట్టే. 1998లో ఆమె సియాటిల్‌లో ‘ఊరంతా ఒకే పుస్తకం చదివితే’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. మొదటి పుస్తకం రస్సెల్ బ్యాంక్స్ నవల ‘ది స్వీట్ హియర్‌ఆఫ్టర్’. బడి బస్సు ప్రమాదంలో పిల్లల్ని పోగొట్టుకున్న చిన్న ఊరి కథ. ఆ ఆలోచన దేశమంతా పాకింది. 2001లో షికాగో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ను ఎంచుకుంది. పెర్ల్ 2003లో అచ్చువేసిన సిఫారసుల పుస్తకం ‘బుక్ లస్ట్’ బాగా అమ్ముడుపోయింది. అదే ఏడాది ఆమె పోలికలతో ఒక బొమ్మ కూడా బజారులోకి వచ్చింది. ఆమె చెప్పిన ఒక నియమం పాఠకులకు పెద్ద ఊరట. 50 పేజీలు చదివినా నచ్చకపోతే పుస్తకం మూసేయవచ్చు. వయసు 50 దాటితే వందలోంచి మీ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. 2021లో అమెరికా నేషనల్ బుక్ ఫౌండేషన్ సాహిత్య సేవకు ఇచ్చే పురస్కారాన్ని ఆమెకు ఇచ్చింది.

తర్వాతి కాలంలో ఈ సంభాషణ కౌంటరు దాటింది. నవలలను ఆకర్షణ అంశాల ప్రకారం వెతికే ‘నావెలిస్ట్’ అనే డేటాబేస్‌ను ఉత్తర కరొలైనా లైబ్రేరియన్ డంకన్ స్మిత్ 1990లలో రూపొందించారు. బ్రిటన్‌లో ‘ఓపెనింగ్ ది బుక్’ సంస్థ తయారుచేసిన ‘విచ్‌బుక్’లో పాఠకుడు రచయిత పేరు చెప్పనక్కర లేదు. సంతోషం–విషాదం, నెమ్మది–హింస, తేలిక–కష్టం వంటి జంటల మధ్య ఒక మీటను అటూ ఇటూ జరిపితే అందుకు తగిన పుస్తకాలు వస్తాయి. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ లైబ్రరీ పాఠకుల చేత వివరమైన పత్రం నింపించుకుని, సిబ్బంది ఆలోచించి రాసిన జాబితాను తిరిగి పంపే పద్ధతి పెట్టింది. బ్రూక్లిన్ లైబ్రరీలోని ‘బుక్‌మ్యాచ్’ అలాంటిదే. పోర్ట్‌లాండ్‌లో మల్ట్నోమా కౌంటీ లైబ్రరీ 2014లో ఇంకో అడుగు వేసి లైబ్రేరియన్ల ఫోటోలు, ఇష్టాలు ముందుంచింది. ఎవరి అభిరుచి తనకు దగ్గరో చూసుకుని పాఠకుడు ‘తన లైబ్రేరియన్‌’ను ఎంచుకోవచ్చు. మనం కూడా సినిమా ఎలా ఉందని అందరినీ అడగం, మన రుచి తెలిసిన ఒకరిద్దరినే అడుగుతాం కదా.

బహుమతుల ద్వారా చేసే సిఫారసు వేరే తరహా. అమెరికా గ్రంథాలయ సంఘంలోని ఒక కమిటీ ఎనిమిది కథా రకాలకు ఏటా ఒక్కో ఉత్తమ నవలను ప్రకటిస్తోంది. 2012లో మొదలైన ఆండ్రూ కార్నెగీ పతకాల్లో తొలి నవలా పతకం ఐర్లండ్ రచయిత్రి ఆన్ ఎన్‌రైట్‌కు దక్కింది. వీటన్నిటికంటే పెద్దది డబ్లిన్ సాహిత్య పురస్కారం. 1996 నుంచి ఇస్తున్న ఈ బహుమతి మొత్తం లక్ష యూరోలు. దీనికి నవలలను ప్రతిపాదించేది ప్రపంచ నగరాల పబ్లిక్ లైబ్రరీలు. ప్రచురణకర్తలు పంపుకునే వీల్లేదు. అనువాద నవల గెలిస్తే 75,000 రచయితకు, 25,000 అనువాదకుడికి. 2024లో రొమేనియా రచయిత మిర్చా కర్తరెస్కు నవల ‘సొలెనాయిడ్’ గెలిచి, అనువాదకుడు షాన్ కాటర్ ఆ వాటా అందుకున్నాడు. అనువాదకుణ్ణి ఇంతగా గుర్తించే ఏర్పాటు లైబ్రరీల చేతిలోని బహుమతికి ఉండడం కాకతాళీయం అనిపించదు. ఏ భాషలో పుట్టినా పుస్తకం పాఠకుణ్ణి చేరాలన్న తపన ఆ వృత్తిలోనే ఉంది.

ప్రచురణకర్తలకూ లైబ్రరీలకూ మధ్య అంతా సాఫీగా లేదు. 2019 నవంబరులో మాక్‌మిలన్ సంస్థ ఒక ఆంక్ష పెట్టింది. కొత్త ఈ-పుస్తకం విడుదలైన మొదటి ఎనిమిది వారాలు లైబ్రరీ వ్యవస్థ ఎంత పెద్దదైనా ఒక్క ప్రతే కొనాలంది. లైబ్రరీల్లో ఉచితంగా దొరికితే అమ్మకాలు పడిపోతాయని దాని భయం. కొత్త నవలలకు ఊరూరా ప్రచారం చేసిన లైబ్రేరియన్లకే ఆ నవలలు అందకుండా చేయడం అన్యాయమని నిరసనలు లేచాయి, పలు లైబ్రరీలు ఆ సంస్థ ఈ-పుస్తకాలు కొనడం మానేశాయి. 2020 మార్చిలో సంస్థ వెనక్కి తగ్గింది.

ఇంకో ఒత్తిడి బయటి నుంచి. పుస్తకాలను అలమరల్లోంచి తీసేయాలన్న డిమాండ్లు అమెరికాలో బాగా పెరిగాయి. 2023లో 4,240 వేర్వేరు పుస్తకాల మీద అలాంటి అభ్యంతరాలు వచ్చినట్టు గ్రంథాలయ సంఘం నమోదు చేసింది. అలాంటి ఊళ్లో ఒక కొత్త నవలను బల్ల మీద ముఖం కనిపించేట్టు నిలబెట్టడానికి ధైర్యం కావాలి.

తెలుగువారికి ఈ కథతో సంబంధం ఎక్కడ? మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం దొరకాలంటుంది, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలంటుంది. పాఠక సలహా మీద ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఈ రెండు వాక్యాలు వస్తాయి. ఆ సూత్రాలు రాసిన రోజుల్లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాల్లో అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం వంటివారు ఊరూరా గ్రంథాలయాలు పెట్టిస్తున్నారు. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు పంపినవారు నాగభూషణం. తర్వాతి తరంలో ఆ పనిని తెలియకుండానే అందుకున్నది అద్దె లైబ్రరీల వాళ్లు. వారపత్రికల సీరియళ్లు పుస్తకాలై వచ్చిన కాలంలో, యద్దనపూడి నవల తిరిగి ఇవ్వడానికి వచ్చిన ఇల్లాలి చేతిలో, ఆమె అడగకముందే తర్వాతి నవల పెట్టిన కొట్టు యజమాని కూడా పాఠక సలహాదారుడే. ఆమె రుచి ఆయనకు నోటికి వచ్చు.

ఇవాళ తెలుగులో కొత్త నవల కబురు ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా వంటి సంస్థల నవలల పోటీ ఫలితాల నుంచీ, డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల నుంచీ, రచయితల మిత్రుల నుంచీ తెలుస్తోంది. వీళ్లందరికీ ఆ పుస్తకంతో ఏదో ఒక బంధుత్వం ఉంది. అమ్మకంతో, స్నేహంతో పనిలేకుండా చదివి చెప్పగల ఒక వర్గం రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా గ్రంథాలయాల్లో, శాఖా గ్రంథాలయాల్లో కూర్చుని ఉంది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కట్టే జనానిదే ఆ వ్యవస్థ. నెలకు పది నవలలు మనకు రాకపోవచ్చు, మూడు నెలలకు ఐదు చాలు. ప్రచురణకర్తలు ముందస్తు ప్రతులు పంపాలి, లైబ్రేరియన్లు చదివి నాలుగు వాక్యాలు రాయాలి, ఆ కాగితం గ్రంథాలయం తలుపు మీద అంటించాలి. ఈలోగా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. ఈసారి పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఊరికే బల్ల మీద పెట్టి రాకండి. అందులో మీకేం నచ్చిందో ఒక మాట చెప్పి రండి.